తోస్తే తెరుచుకునే గడియ

మన ఇళ్ళ తలుపులు లోపలికి తెరుచుకుంటాయి. పల్లెటూరి మండువా లోగిలి అయినా, పట్నంలో ఆరో అంతస్తు ఫ్లాట్ అయినా అంతే. వచ్చినవాళ్ళని రమ్మంటూ తలుపుని మన వైపు లాక్కుంటాం. గడియ కూడా మన చేతికి అందేటట్టు లోపలే ఉంటుంది. మా నాయనమ్మ రాత్రిపూట అడ్డగడియ వేసి, ఒకసారి గట్టిగా లాగి చూసుకుని గానీ దీపం తగ్గించేది కాదు. ఆమె భయమంతా బయటి నుంచి వచ్చే దొంగ గురించే. ఇంట్లో ఉండేది ఆరేడుగురం. చీకట్లో తడుముకుంటూ వెళ్ళినా ఆ గడియ ఎక్కడుందో మాకందరికీ తెలుసు. ఇంటికి ఆ తలుపు చాలు.

అలాంటి తలుపునే వెయ్యిమంది కూర్చునే హాలుకి పెడితే ఏమవుతుందో 1883 జూన్ 16న ఇంగ్లండ్‌లోని సండర్లాండ్ అనే ఓడరేవు పట్టణంలో తేలింది.

ఆ శనివారం మధ్యాహ్నం అక్కడి విక్టోరియా హాల్లో పిల్లల కోసమని గారడీ ప్రదర్శన పెట్టారు. టికెట్టు ఒక పెన్నీ. వచ్చిన పిల్లలకు బొమ్మలు, పుస్తకాలు బహుమతిగా దక్కవచ్చని ముందే ఊరంతా ప్రకటించారు. రెండు వేల మంది దాకా పిల్లలు వచ్చారు. వాళ్ళలో సగానికి పైగా పైనున్న గ్యాలరీలో కూర్చున్నారు. వాళ్ళ దగ్గర పెద్దవాళ్ళు దాదాపు లేరు. తల్లులు చేతిలో పెన్నీ పెట్టి, చెల్లెల్ని జాగ్రత్తగా చూసుకోమని పెద్దవాడికి చెప్పి పంపిన పిల్లలు వాళ్ళు.

ఆట చివరికొచ్చింది. ఫలానా నంబర్ల టికెట్లున్న వాళ్ళకి బయటికి వెళ్ళేటప్పుడు బహుమతి ఇస్తామని వేదిక మీంచి చెప్పారు. ఇంతలో వేదికకు దగ్గరగా ఉన్న పిల్లలకు చేతికందించి పంచడం మొదలైంది. పైవాళ్ళు అది చూశారు. కిందికి వెళ్ళకపోతే తమకేమీ మిగలదని మెట్ల మీదికి ఉరికారు. మెట్ల అడుగున ఒక తలుపు ఉంది. అది మెట్ల వైపుకే తెరుచుకుంటుంది. దాన్ని కాస్త తెరిచి, గడియని నేలలోని గుంటలోకి దించేశారు. ఒకసారికి ఒక్క పిల్లవాడు పట్టేంత సందు మాత్రం ఉంచారు. ఒక్కొక్కరి టికెట్టు చూసి పంపడానికి అలా చేసి ఉంటారని తర్వాత అనుకున్నారు.

మొదట వచ్చిన కొద్దిమంది ఆ సందులోంచి బయటపడ్డారు. తర్వాత ఎవరో ఒకరు ఇరుక్కున్నారు. వెనక వస్తున్న వందలమందికి అది తెలియదు. వాళ్ళకి తెలిసిందల్లా కింద బొమ్మలు పంచుతున్నారనే. బయటి నుంచి పరుగెత్తుకొచ్చిన పెద్దవాళ్ళు తలుపు తియ్యబోతే రాలేదు, గడియ పిల్లల వైపున ఉంది. లోపలికి తోద్దామంటే ఆ తలుపుకి ఆనుకుని పిల్లలే ఉన్నారు. దొరికిన చేయి పట్టుకుని, ఆ సందులోంచి ఒక్కొక్కరినీ బయటికి లాగారు. చివరికి ఒకాయన తలుపుని బందుల నుంచే ఊడబీకాడు. హాలు చూసుకునే ఫ్రెడరిక్ గ్రాహం వేరే మెట్ల మీదుగా పైకి పరుగెత్తి, ఇంకా దిగబోతున్న ఆరువందల మంది దాకా పిల్లల్ని మరో దారి పట్టించాడు. ఆయనకి ఆ రెండో దారి తెలిసి ఉండటం వల్ల అంతమంది బతికారు.

చనిపోయిన పిల్లలు 183 మంది. మూడేళ్ళ వాళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వాళ్ళ వరకు.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో కొత్త సినిమా ప్రీమియర్ దగ్గర ఒక తల్లి చనిపోయి, ఆమె కొడుకు ప్రాణాల మీదికి వచ్చినప్పుడు మన పేపర్లన్నీ రాసిన మాట తొక్కిసలాట. ఇలాంటివాటికి మనకున్న మాట అదొక్కటే. ఆ మాటలోనే తొక్కడం ఉంది. జనం వెర్రెత్తినట్టు ఒకరినొకరు తొక్కుకుంటూ పోయారన్న అర్థం వినగానే తడుతుంది, తప్పు గుంపుదే అనిపిస్తుంది. జరిగేది చాలాసార్లు అది కాదు. ఇలాంటి గుంపుల్లో ఎంతోమంది నిలబడే చనిపోతారు. చదరపు మీటరులో ఆరేడుగురు ఇరుక్కుంటే మనిషి తన కాళ్ళ మీద తాను నడవడు, గుంపు ఎటు ఊగితే అటు పోతాడు. ఛాతీ ముందు నుంచీ వెనక నుంచీ నొక్కుకుపోయి ఊపిరి తీసుకోవడానికి పక్కటెముకలు కదలవు. ఇనుప కమ్మీలు వంగిపోయేంత బలం ఆ ఒత్తిడికి ఉంటుంది. వెనక ఉన్నవాడు చేసేది ఒక అర అడుగు ముందుకు జరగడమే. వాడికి కోపం లేదు, భయం కూడా లేదు. ముందు ఏం జరుగుతోందో వాడికి చెప్పేవాళ్ళు లేరు, అంతే. సండర్లాండ్ పిల్లలు అడ్డూ అదుపూ లేని మూక కాదు. బొమ్మ కోసం మెట్లు దిగిన పిల్లలు.

విక్టోరియా రాణి నుంచి సంతాపం వచ్చింది. దేశమంతా చందాలు పోగై ఐదు వేల పౌన్లు జమయ్యాయి. ఆ డబ్బుతో అంత్యక్రియలు చేసి, చనిపోయిన బిడ్డని ఒళ్ళో పెట్టుకున్న తల్లి విగ్రహం చెక్కించారు. ఆ విగ్రహం ఇప్పుడు ఊళ్ళోని మౌబ్రే పార్కులో ఉంది. విచారణలు జరిగాయి. గడియ ఎవరు వేశారో తేలలేదు. ఒక్కరికీ శిక్ష పడలేదు. అయితే ఆ తర్వాతి చట్టం ఒక సంగతి తేల్చి చెప్పింది. నలుగురూ పోగయ్యే వినోదశాలల్లో బయటికి తెరుచుకునే ద్వారాలు తగినన్ని ఉండాలి. గుంపు వచ్చి తలుపు మీద పడితే ఆ బరువుకే తలుపు తెరుచుకోవాలి.

వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. కానీ తలుపుని అటు తిప్పి బిగించినంత మాత్రాన పని కాదు. దాన్ని మూసి ఉంచాలి కదా! మూసి ఉంచాలంటే గడియ కావాలి. మా ఊరి టూరింగ్ టాకీసు రోజులు నాకు గుర్తున్నాయి. నేల టికెట్టు కొనడానికి ఒకడి దగ్గరే డబ్బులుండేవి. వాడు లోపలికెళ్ళి, పాట వచ్చే సమయం చూసి, పక్క తలుపు గడియ చప్పుడు కాకుండా తీసేవాడు. బయట ఉన్న నలుగురం చీకట్లో దూరి కూర్చునేవాళ్ళం. కొన్నాళ్ళకి ఆ తలుపుకి తాళంకప్ప పడింది. అప్పుడు మాకు కోపం వచ్చింది. ఆ టాకీసు ఆయనకి రోజూ ఎంత డబ్బు పోయేదో ఇప్పుడు తెలుస్తోంది. హాళ్ళ యజమానులు తలుపులకి తాళాలు వేసేది జనాన్ని చంపాలని కాదు. టికెట్టు లేనివాళ్ళు దూరతారని. ఆ భయం నిజమైనదే. రోజూ ఎదురయ్యేది. మంటలు లేస్తాయన్న భయమైతే ఏళ్ళ తరబడి ఎదురుకాదు. రోజూ ఉండే భయం ముందు ఎప్పుడో వచ్చే భయం ఓడిపోతూ ఉంటుంది.

కాబట్టి కావలసింది ఒకే తలుపుకి రెండు స్వభావాలు. బయటివాడికి అది గోడలా ఉండాలి, లోపలివాడు చెయ్యి వేస్తే చాలు తెరుచుకోవాలి. సండర్లాండ్ వార్త కదిలించిన వాళ్ళలో రాబర్ట్ అలెగ్జాండర్ బ్రిగ్స్ ఒకడు. 1892లో ఆయన ఇంగ్లండ్‌లో పానిక్ బోల్ట్‌కి పేటెంటు తీసుకున్నాడు. తలుపుకి అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. దాన్ని తోస్తే పైనా కిందా ఉన్న గడియలు జారిపోతాయి. నాకు ఇందులో మా నాయనమ్మ అడ్డగడియే కనిపిస్తుంది. అదే చోట, నడుము ఎత్తున, తలుపుకి అడ్డంగా ఉంటుంది. మా అడ్డగడియ పడితే తలుపు మూసుకునేది. ఇక్కడ అడ్డకడ్డీ మీద పడితే తెరుచుకుంటుంది.

వస్తువు పుట్టింది గానీ ఊరూరికీ చేరలేదు. అది చేరకముందే షికాగోలో ఇంకొకటి జరిగింది.

1903 నవంబరులో ఇరాక్వా థియేటర్ తెరిచారు. అగ్నికి చెక్కుచెదరని హాలని ప్రచారం చేశారు. నెల తిరిగేసరికి, డిసెంబరు 30 మధ్యాహ్నం, క్రిస్మస్ సెలవుల్లో మిస్టర్ బ్లూబియర్డ్ అనే సంగీత నాటకం చూడటానికి తల్లులు పిల్లల్ని తీసుకుని వచ్చారు. పదహారు వందల చిల్లర సీట్లున్న హాల్లో రెండు వేలకు పైగా జనం. వేదిక మీది ఆర్క్ దీపం నుంచి లేచిన నిప్పు తెరకి అంటుకుంది. మంటల్ని ఆపాల్సిన రాతినార తెర సగంలో చిక్కుకుని దిగలేదు. హాస్యనటుడు ఎడ్డీ ఫోయ్ వేషంలోనే వేదిక ముందుకొచ్చి, కూర్చోండి, కంగారు పడకండి అని జనాన్ని బతిమాలాడు. నటులు పారిపోవడానికి వెనక తలుపు తెరవగానే గాలి లోపలికి తోసుకొచ్చి మంట బంతిలా హాల్లోకి ఎగిరింది.

అంత పెద్ద హాలుకి తలుపులు లేక కాదు. ఉన్నాయి. వాటిలో కొన్ని పరదాల వెనక దాగి ఉన్నాయి. ఎగ్జిట్ అని బోర్డులు లేవు. చవక టికెట్టు వాళ్ళు కిందికొచ్చి ఖరీదైన సీట్లలో కూర్చోకుండా మెట్ల దగ్గర ఇనుప గేట్లు వేసి తాళం పెట్టారు. కొన్ని తలుపులకి ఐరోపాలో వాడే రకం గడియలు బిగించారు. ఒక పిడిని ఫలానా వైపు తిప్పితే గానీ తెరుచుకోవు. షికాగోలో ఆ రకం గడియ ఎరిగినవాళ్ళు తక్కువ. తలుపు ఎదురుగా ఉంది, చెయ్యి గడియ మీదే ఉంది, ఎలా తియ్యాలో తెలియదు. ఆ పొగలో పాఠం నేర్చుకునే వ్యవధి లేదు. తెలిసిన ఒకరిద్దరు తెరిచిన తలుపుల్లోంచి కొంతమంది బయటపడ్డారు. 602 మంది చనిపోయారు. మళ్ళీ ఎవరికీ శిక్ష పడలేదు.

ఇండియానాపొలిస్‌లో వానెగట్ హార్డ్‌వేర్ కంపెనీ అని ఒకటి ఉండేది. అందులో కార్ల్ ప్రింజ్లర్ అమ్మకాలు చూసేవాడు. ఆ రోజు ఆయన ఆ నాటకానికి వెళ్ళాలనుకున్నాడు. పని తగిలి వెళ్ళలేదు. గడియలూ బందులూ తాళాలూ అమ్మి బతికే మనిషి. చనిపోయినవాళ్ళు ఎక్కడ ఆగిపోయారో చదువుతూ ఉంటే ప్రతిచోటా తను అమ్మే సరుకే ఎదురైంది. ఆయన్ని అది వదల్లేదు. హెన్రీ డ్యూపాంట్ అనే ఆర్కిటెక్టుతో కలిసి కూర్చున్నాడు. కొన్నేళ్ళు పట్టింది. 1908లో వాళ్ళ కడ్డీ గడియ వానెగట్ కొట్టు ద్వారా అమ్మకానికి వచ్చింది. ముగ్గురి పేర్లలోంచి ముక్కలు తీసుకుని దానికి వాన్ డ్యూప్రిన్ అని పేరు పెట్టారు. ఈ రోజుకీ ఆ పేరుతో గడియలు వస్తున్నాయి. నవలాకారుడు కర్ట్ వానెగట్ ఆ కొట్టు పెట్టిన క్లెమెన్స్ వానెగట్‌కి మునిమనవడే.

ఈ గడియ గొప్పతనం చూడాలంటే ఏదైనా మాల్‌లోనో మల్టీప్లెక్స్‌లోనో పక్క తలుపు దగ్గరికి వెళ్ళి నిలబడండి. కడ్డీ మీ నడుముకీ ఛాతీకీ మధ్య ఉంటుంది. తలుపు వెడల్పులో కనీసం సగం మేర ఉంటుంది. పట్టుకుని తిప్పేది ఏమీ లేదు, చదవాల్సింది లేదు, కళ్ళు కనిపించకపోయినా ఫరవాలేదు. చేతులు నిండుగా ఉంటే తుంటితో తోయొచ్చు. వెనకవాళ్ళు మిమ్మల్ని దాని మీదికి నెట్టినా అది తెరుచుకుంటుంది. సండర్లాండ్‌లో ప్రాణం తీసిన ఒత్తిడే ఇక్కడ గడియ తీస్తుంది. అమెరికా నిబంధనల్లో ఈ కడ్డీని తోయడానికి 15 పౌన్లకి మించి బలం అవసరం కాకూడదు. అంటే ఏడు కిలోల లోపు. బళ్ళో చదివే పిల్ల తోసినా తెరుచుకోవాలన్నమాట. బయటి వైపు మాత్రం పిడి ఉండదు, లేదా తాళం చెవితో తెరిచేది ఉంటుంది. టాకీసు ఆయన భయమూ తీరింది, లోపలివాళ్ళ ప్రాణమూ నిలిచింది.

ఆవిష్కరణ కథ ఇక్కడితో ఆగిపోయేదే, 1942 నవంబరు 28 రాత్రి బోస్టన్‌లో కోకోనట్ గ్రోవ్ క్లబ్బు కాలకపోయి ఉంటే. నేలమాళిగలోని బార్‌లో నిప్పు పుట్టింది. మెట్లు ఎక్కి పైకొస్తే ఎదురుగా ఒక ఎగ్జిట్ తలుపు. దానికి పానిక్ బార్, అంటే ఆ కడ్డీ గడియ, ఉంది కూడా. జనం దాని మీద పడ్డారు. తెరుచుకోలేదు. బిల్లు కట్టకుండా వెళ్ళిపోతారని దాన్ని తాళం వేసి ఉంచారు. ముఖద్వారం తిరుగుడు తలుపు. రెండు వైపులా మనుషులు ఇరుక్కుని అది బిగుసుకుపోయింది. 460 మందికి అనుమతి ఉన్నచోట వెయ్యిమంది దాకా ఉన్నారు. 492 మంది చనిపోయారు.

ఆ క్లబ్బు యజమాని బార్నీ వెలాన్స్కీ ఆ రాత్రి అక్కడ లేడు. జబ్బు చేసి రెండు వారాలుగా ఆస్పత్రిలో ఉన్నాడు. నిప్పు ఆయన పెట్టలేదు. ఆ రాత్రి ఏ తలుపూ ఆయన చేత్తో మూయలేదు. ఆయన లాయర్లు అదే వాదించారు. మసాచుసెట్స్ న్యాయస్థానం ఒప్పుకోలేదు. జనాన్ని రమ్మని పిలిచి, వాళ్ళ దగ్గర డబ్బు తీసుకునేవాడికి వాళ్ళని క్షేమంగా ఉంచే బాధ్యత ఉంటుందనీ, ప్రమాదం తెలిసి కూడా చెయ్యాల్సింది చెయ్యకపోవడం నేరమేననీ 1944లో తీర్పు ఖాయం చేసింది. తలుపులు అలా ఉంచడం ఆ క్లబ్బు పద్ధతి, ఆ పద్ధతి పెట్టింది ఆయన. పన్నెండు నుంచి పదిహేనేళ్ళ శిక్ష పడింది. నాలుగేళ్ళు నిండకముందే క్యాన్సరుతో ఉన్న మనిషిని క్షమించి వదిలారు. అయినా ఈ కథలో నాకు ఈ తీర్పు బ్రిగ్స్ గడియకీ ప్రింజ్లర్ గడియకీ సమానంగా కనిపిస్తుంది. సండర్లాండ్‌లో గడియ వేసిన చెయ్యి దొరకలేదని అందరినీ వదిలేశారు. బోస్టన్‌లో ఆ చెయ్యి ఎవరిదని అడగడం మానేసి, ఆ హాలు ఎవరిదని అడిగారు.

మన దగ్గర ఆ ప్రశ్న అడగడానికి ఏళ్ళు పట్టింది. 1997 జూన్ 13న ఢిల్లీ ఉపహార్ సినిమా హాల్లో కింది అంతస్తులోని ట్రాన్స్‌ఫార్మర్ అంటుకుని పొగ పైకి పాకింది. బాల్కనీలో అదనపు సీట్ల కోసం కుడి వైపు దారి మూసేశారు. 59 మంది చనిపోయారు, ఎక్కువమంది పొగకి ఊపిరాడకే. బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు ఒక సంఘంగా ఏర్పడి కోర్టుల చుట్టూ తిరిగారు. యజమానులు దోషులేనని సుప్రీంకోర్టు ఖాయం చేసేసరికి 2014 వచ్చింది.

మొన్న మాఘమాసంలో మా పిన్ని మనవరాలి పెళ్ళికి వెళ్ళాను. పెద్ద ఏసీ ఫంక్షన్ హాలు. వేదిక పక్కన ఎర్రక్షరాల ఎగ్జిట్ బోర్డు, కింద తలుపు, దానికి పానిక్ బార్. కడ్డీ మీద అంటించి వచ్చిన ప్లాస్టిక్ కాగితం ఇంకా తియ్యలేదు. ఆ కడ్డీ చుట్టూ ఇనుప గొలుసు రెండు చుట్లు తిప్పి తాళం వేశారు. పక్కనే కుర్చీలో వాచ్‌మన్ కూర్చున్నాడు, అరవై దాటిన మనిషి.

"బాబాయ్, దీనికి గొలుసెందుకు వేశారు?"

"పిలవనోళ్ళు ఎనక నించి వచ్చి పంక్తిలో కూకుంటన్నారు బాబూ. ఓనరుగారు ఎయ్యమన్నారు."

"తాళం చెవి నీ దగ్గరుందా?"

"మేనేజరు గారి కాడుంటది. ఆయన కూరగాయలోళ్ళ లెక్క చూడ్డానికెళ్ళాడు. వచ్చేత్తాడు."

"ఈ కడ్డీ దేనికో తెలుసా?"

"పట్టుకుని లాగడానికనుకున్నా బాబూ."

వెళ్ళి పెళ్ళికూతురి తండ్రికి చెప్పాను. మా తమ్ముడే. పీటల మీద కూర్చోబోతున్నవాడు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "తాళం తీయించు అన్నయ్యా, డబ్బు కట్టింది నేను, నేను చెప్పానని చెప్పు" అన్నాడు. మేనేజరుకి ఫోన్ చేశాం. ఇరవై నిమిషాలకి వచ్చాడు. గొలుసు తీశాడు. బాబాయ్‌ని తోయమన్నాను. ఆయన రెండు చేతులూ ఆ ప్లాస్టిక్ కాగితం మీద ఆనించి తోశాడు. గడియ టక్కుమని వదిలింది. తలుపు అడుగు మేర కదిలి ఆగిపోయింది. సందులోంచి తొంగి చూస్తే బయట మడతబెట్టిన భోజనాల బల్లలు గోడలా పేర్చి ఉన్నాయి, వాటి వెనక రెండు గ్యాస్ సిలిండర్లు.

ఆ సందు ఒక పిల్లవాడు పట్టేంత ఉంది.

వంటవాళ్ళ కుర్రాళ్ళు నలుగురు, మా వైపు పిల్లలు ముగ్గురు కలిసి బల్లలు పక్కకి లాగారు. సిలిండర్లు దొర్లించి ప్రహరీ దగ్గరికి చేర్చారు. తలుపు పూర్తిగా తెరుచుకుంది. బయట ఎండ. లోపల మంగళసూత్రం వేళకి గట్టిమేళం మొదలైంది. బాబాయ్ తన కుర్చీ ఎత్తుకుని ఆ తలుపు దాటి బయటికెళ్ళి, పిలవనివాళ్ళు రాకుండా చూడ్డానికి వెలుపల, తలుపు రెక్కకి తగలకుండా కొంచెం దూరంగా వేసుకుని కూర్చున్నాడు.